మీ ఒక్కరికీ విడిగా వండుకున్నంత కాలం ఆ బరువు తిరిగొస్తూనే ఉంటుంది

ప్రశ్న: నా వయసు 39. ఏలూరులో బ్యాంకు ఉద్యోగం. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 79 కిలోలు. పాపకు 12, బాబుకు 7. మావారిది ప్రైవేటు ఉద్యోగం, రాత్రి ఎనిమిదిన్నరకు గానీ ఇంటికి రారు. అత్తయ్యగారు మాతోనే ఉంటారు, ఆవిడకు షుగర్. బాబు పుట్టాక రెండుసార్లు బరువు తగ్గాను. మొదటిసారి పౌడరు కలుపుకుని తాగే పద్ధతిలో మూడు నెలల్లో 11 కిలోలు తగ్గి, ఏడాది తిరక్కుండా 13 పెరిగాను. రెండోసారి అన్నం పూర్తిగా మానేసి 40 రోజుల్లో 7 కిలోలు తగ్గాను. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది, బరువు మళ్లీ మొదటికొచ్చింది. మొన్న రక్తపరీక్షలో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 6.1 వచ్చింది, షుగర్ అంచున ఉన్నానట. పొద్దున ఐదింటికి లేస్తే పడుకునేసరికి పదకొండు. వాకింగ్‌కు టైం ఎక్కడ? మా కొలీగ్ ఒకావిడ వారానికో ఇంజెక్షన్ తీసుకుని బాగా తగ్గింది, నేనూ తీసుకోనా? అసలు నాకే మనోనిబ్బరం లేదేమో అనిపిస్తోంది. ఇంకో సంగతి, ఈ మధ్య మా పాప రాత్రిపూట అన్నం వద్దంటోంది. అడిగితే ‘నేనూ డైటింగే’ అంటోంది. భయమేస్తోంది. (పేరు రాయవద్దు.)

జవాబు: ముందు మనోనిబ్బరం సంగతి తేల్చేద్దాం. గోదావరి జిల్లాల ఇంట్లో రోజూ నలుగురికి అన్నం వడ్డిస్తూ, నలభై రోజులు తాను ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోని మనిషికి మనోనిబ్బరం లేదంటే నేను ఒప్పుకోను. మీకు అది కావలసినదానికంటే ఎక్కువే ఉంది. దాన్ని రెండుసార్లూ ఎక్కడ ఖర్చుపెట్టారన్నదే చూడాలి.

ఆ డైట్లలో మీ ఒంట్లో ఏం జరిగిందో చెప్తాను. తిండి ఒక్కసారిగా తగ్గించేస్తే మొదట ఖాళీ అయ్యేది కాలేయంలో, కండల్లో దాచుకున్న పిండిపదార్థం. దానితోపాటు అది పట్టి ఉంచిన నీళ్లూ పోతాయి, దాని బరువుకు దాదాపు మూడింతలు. మొదటి వారం రెండు మూడు కిలోలు తగ్గి సంబరం కలిగేది అందుకే. ఆ తర్వాత కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. జుట్టు మాత్రం అప్పటికప్పుడు ఊడదు, ఒంటికి తగిలిన దెబ్బ రెండు మూడు నెలల తర్వాత దువ్వెనలో కనిపిస్తుంది. ఇక అసలు విషయం. కొవ్వు తగ్గగానే కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ పడిపోతుంది, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది. ఆస్ట్రేలియాలో 50 మందికి పది వారాలపాటు చాలా తక్కువ క్యాలరీల తిండి పెట్టి బరువు తగ్గించారు. ఏడాది తర్వాత చూస్తే కూడా వాళ్ల ఆకలి హార్మోన్లు పాత స్థితికి రాలేదు. ఆ ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. పౌడరు మానేశాక మీకు వేసిన ఆకలిని మీరు కక్కుర్తి అనుకుని ఉంటారు. పోయిన కొవ్వును వెనక్కి తెచ్చుకోవడానికి ఒళ్లు చేసిన పని అది.

నేను పోషకాహార నిపుణురాలిని, పాతికేళ్లుగా ఇదే పని. అయినా మా రెండోవాడు పుట్టిన మూడేళ్లకు నా బరువు 81. అందరికీ చార్టులు రాసిచ్చే నాకు, నేను ఎక్కడ తింటున్నానో చాలాకాలం తెలియలేదు. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం చిన్న బాక్సు, రాత్రి రెండు పుల్కాలు. లెక్క వేసుకుంటే 1,400 క్యాలరీలు దాటకూడదు. మరి ఈ బరువు ఎక్కణ్నుంచి వస్తోంది?

ఒకరోజు రాత్రి పది కావస్తోంది. వంటింటి గట్టు దగ్గర నిలబడి ఉన్నాను. పాప కంచంలో నాలుగు ముద్దల పప్పన్నం, రెండోవాడి కంచంలో సగం ఆమ్లెట్టు, గిన్నె అడుగున గరిటెడు దొండకాయ వేపుడు. ఇంత కూరకు ఫ్రిజ్జులో గిన్నె ఎందుకని వేపుడు నోట్లో వేసుకున్నాను. అన్నం పారేస్తే పాపమని పప్పన్నం తిన్నాను. ఆమ్లెట్టు సంగతైతే తినేశాక గానీ గుర్తుకు రాలేదు. అప్పటికి నా భోజనమై అరగంట. మర్నాటి నుంచి వారం రోజులు, అలా మిగిలినవన్నీ నోట్లో వేసుకునే ముందు ఒక గిన్నెలో వేసి తూచాను. అతి తక్కువ 60 గ్రాములు, అతి ఎక్కువ 210. సగటున రోజుకు దాదాపు రెండు వందల క్యాలరీలు, ఏ చార్టులోనూ లేనివి. అమ్మలు తినే నాలుగో భోజనం అది. దానికి కంచం ఉండదు, నిలబడే తింటాం.

మీ ఇంట్లోనూ ఆ గట్టు ఉండే ఉంటుంది. ఈ వారం తూచి చూడండి. ఆ తర్వాత పిల్లలకు మొదట సగమే వడ్డించి, కావాలంటే మారు వడ్డించండి. మిగిలింది చిన్నదైనా సరే డబ్బాలో పెట్టండి, పాడయ్యేదైతే పారేయండి. అన్నం పారేయడానికి చెయ్యి రాదని నాకు తెలుసు. మిగిలేంత వండకపోవడమే దానికి మందు.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట. మీ రెండు డైట్లలోనూ ఉమ్మడిగా ఉన్నది ఒకటే: నలుగురికి ఒక వంట, మీకొక్కరికీ ఇంకోటి. ఐదింటికి లేచి బాక్సులు కట్టి, పైగా మీ కోసం ఇంకో గిన్నె పెట్టుకున్నారు. క్వార్టర్ ఎండింగ్ రోజునో, బాబుకు జ్వరం వచ్చిన రాత్రో మొదట ఆగిపోయేది ఆ గిన్నే. అది ఆగిన రోజున మీరు తినేది పాత నూనెతో, పాత కొలతలతో వండిన ఇంటి వంట. అంటే ఇన్నేళ్లూ మిమ్మల్ని 79కి తెచ్చిన వంట మీ కోసం అలాగే ఎదురుచూస్తూ ఉంది. మారాల్సింది ఆ ఉమ్మడి గిన్నె. అది మారితే మీరు అలసిపోయి ఏమీ ఆలోచించకుండా తిన్న రోజున కూడా సరైన తిండే తింటారు.

నూనెతో మొదలుపెట్టండి. ఇందులో మీరు ఆకలితో ఉండాల్సిన పని లేదు. నెలకు మీ ఇంటికి ఎన్ని లీటర్లు వస్తుందో కిరాణా చీటీలో చూడండి. లీటరు ప్యాకెట్లో నూనె దాదాపు 910 గ్రాములు ఉంటుంది. గ్రాముకు 9 క్యాలరీలు. మా ఇంట్లో నలుగురికి నెలకు ఐదు లీటర్లు అయ్యేది, అంటే తలకు రోజుకు 38 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో, 2,000 క్యాలరీలు తినే మనిషికి రోజంతటికీ నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు చాలని లెక్క కట్టింది. మేం ఆర్నెల్లలో మెల్లగా మూడు లీటర్లకు దిగాం. తలకు 15 గ్రాములు తగ్గింది. అంటే రోజుకు 137 క్యాలరీలు, ఇంట్లో ఎవరి కంచంలోనూ ఒక్క మెతుకు తగ్గకుండా.

ఎలాగంటే, ప్యాకెట్ విప్పిన రోజున దాని మీద మార్కర్ పెన్నుతో తేదీ రాశాను. అదొక్కటే ఎంతో మార్చేసింది. తేదీ కళ్ల ముందు కనిపిస్తుంటే చెయ్యి దానంతటదే ఆగుతుంది. క్యాన్ నుంచి మూకుట్లోకి వంచడం మానేసి చెంచాతో కొలిచి వేశాను. వేపుళ్లు వారానికి ఆరు రోజుల నుంచి రెండు రోజులకు వచ్చాయి. మిగతా రోజుల్లో దొండకాయ, బెండకాయ మూత పెట్టి మగ్గించి, చివర్లో కొబ్బరి కారమో నువ్వుల పొడో చల్లేదాన్ని. ఇనుప మూకుడు బాగా వేడెక్కాక నూనె వేస్తే సగం నూనెతో కూర అంటుకోకుండా వస్తుంది. మొదటి రెండు వారాలు మావారు కూర చప్పగా ఉందన్నారు. మూడో వారం నుంచి మాట్లాడలేదు. ఇప్పుడు బయట తింటే ఆయనే నూనె ఎక్కువైందంటారు. నాలుకకు అలవాటు మారడానికి పట్టేది అంతే.

అన్నం మానొద్దు. ఈసారి కొలవండి. ఒక్క వారం, మీరు రోజంతా తినే అన్నానికి సరిపోయే బియ్యాన్ని గ్లాసుతో కాకుండా త్రాసుతో తూచండి. మీ ఎత్తు, బరువు, కుర్చీలో కూర్చునే ఉద్యోగం చూస్తే, రోజు మొత్తం మీద బియ్యం, ఇడ్లీ రవ్వ, గోధుమపిండి అన్నీ కలిపి పచ్చివి 150 నుంచి 170 గ్రాముల దగ్గర ఆగితే బరువు దిగుతుంది. మీకు ఇప్పుడు రోజుకు సుమారు 1,950 క్యాలరీలు ఖర్చవుతున్నాయి, 1,500 దగ్గర తింటే చాలు. 1,200కి, 800కి దిగకండి. ఆ దారిలో రెండుసార్లు వెళ్లొచ్చారు.

అన్నం తగ్గిన చోటును ఖాళీగా వదిలితే సాయంత్రం ఆకలి కరిచేస్తుంది. అక్కడ కూర రెట్టింపు కావాలి, మాంసకృత్తులు రావాలి. మన ఇళ్లలో ఆడవాళ్లకు తక్కువయ్యేది ఇదే. చికెన్ వండిన రోజు ముక్కలు ఎవరి కంచంలోకి వెళ్తాయో, అమ్మకు మిగిలే పులుసెంతో మీకు నేను చెప్పక్కర్లేదు. ముక్కలు ముందు ఐదు వాటాలు వేశాకే వడ్డించండి. మీకు రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ అందాలి. ఒక గుడ్డులో 6 గ్రాములు. 30 గ్రాముల కందిపప్పులో 7 దాకా. 50 గ్రాముల మీల్‌మేకర్‌లో 25 దాకా. వంద గ్రాముల చేపలో 17 నుంచి 20. మీరుండేది కొల్లేరు పక్కన. శీలావతి, బొచ్చె ఇంటి ముందుకొస్తాయి. ఆదివారం ఒక్కరోజు వేపుడుగా కాకుండా వారానికి రెండుసార్లు పులుసు పెట్టండి. పప్పు పలచగా నీళ్లలా కాకుండా గట్టిగా, ఆకుకూర వేసి చేయండి. గోంగూర, తోటకూర, చుక్కకూర ఏదైనా సరే. పెరుగు అన్నంలో కలిపేది కాక విడిగా ఒక కప్పు. ఆవకాయ వదలక్కర్లేదు, దానిపైన తేలే నూనె మాత్రం సీసాలోనే ఉండనివ్వండి.

సాయంత్రం బ్యాంకులో టీ, బజ్జీల దగ్గర ఆగలేకపోతున్నారా? ఉత్తరంలో రాయలేదు గానీ నా దగ్గరికొచ్చే ఉద్యోగినుల్లో చాలామంది చెప్పేది ఇదే. అందుకే రాస్తున్నాను. ఐదున్నరకు వేసే ఆ ఆకలి పొద్దున ఎనిమిదిన్నరకే మొదలవుతుంది. బాక్సులు కడుతూ, జడ వేస్తూ, నిలబడి రెండు ఇడ్లీలు మింగి బస్సెక్కిన మనిషికి సాయంత్రం బజ్జీ వాసన తగిలితే ఏ మనోనిబ్బరమూ పనిచేయదు. ఆ ఇడ్లీల పక్కన ఒక ఉడికించిన గుడ్డు పెట్టుకోండి, లేదా ఇడ్లీ బదులు పెసరట్టు వేసుకోండి. నాలుగున్నరకు, ఆకలి పూర్తిగా వేయకముందే, గుప్పెడు శనగ గుగ్గిళ్లు తినండి. టీలో రెండేసి చెంచాల చక్కెర, రోజుకు మూడు టీలు అయితే అక్కడే 120 క్యాలరీలు. ఈ వారం ఒకటిన్నర చెంచా, వచ్చే నెల ఒకటి, ఆపైన అర. ఒకేసారి మానేస్తే టీ మీదే విరక్తి వచ్చి నాలుగో రోజు మళ్లీ రెండు చెంచాలు పడతాయి.

ఇక టైం. ఐదు నుంచి పదకొండు దాకా అని రాశారు. మీలాంటి వాళ్లు రాసే ప్రతి ఉత్తరంలోనూ ఈ మాట ఉంటుంది. 2019లో కేంద్ర గణాంక శాఖ దేశమంతటా చేసిన సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలని తేలింది. మీరు వాకింగ్‌కు టైం దొరకదని బాధపడుతున్నారు. ఆ టైం ఇంట్లోనే ఉంది, ఇంకొకరి చేతిలో ఉంది. అడిగి తీసుకోవాలి. ‘కాస్త సాయం చేయండి’ అని అడగకండి, ఆ మాట వారం దాటి నిలవదు. పని పేరు, సమయం చెప్పండి. ‘రాత్రి తొమ్మిదింటి తర్వాత వంటిల్లు మీది. మిగిలినవి సర్దడం, గట్టు తుడవడం, పొద్దుటికి కూరగాయలు తరిగి పెట్టడం మీ పని’ అని చెప్పండి. మీవారు ఎనిమిదిన్నరకు వస్తారన్నారు, అది ఆయనకు కుదిరే టైమే. ఇందులో రెండు లాభాలు. మీకు అరగంట దొరుకుతుంది, ఆ నాలుగో భోజనం దగ్గరికి మీరు వెళ్లనే వెళ్లరు. మొదట్లో గట్టు మీద మరకలు మిగులుతాయి. చూసి ఊరుకోండి, మళ్లీ తుడవడానికి వెళ్లకండి. నాకు బరువు తగ్గడంలో అన్నిటికంటే కష్టమైంది అదే.

ఆ అరగంటలో ఇరవై నిమిషాలు నడవండి. భోజనం తర్వాత నడక తిన్నవెంటనే ఎగిసే షుగర్‌ను అణుస్తుంది, మీ 6.1కి అది మందు. పొద్దున ఒక స్టాపు ముందు దిగి పది నిమిషాలు, మధ్యాహ్నం బాక్సు తిన్నాక బ్యాంకులోనే ఐదు నిమిషాలు. ఒకేసారి గంట నడవాలన్న పట్టింపు అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది వారం మొత్తానికి కనీసం 150 నిమిషాలు, దానికి తోడు రెండు రోజులు కండలకు పని. రెండోది మనవాళ్లు వదిలేస్తారు. మీరు వదలకండి, రెండు డైట్లలో మీరు పోగొట్టుకున్నది కండే. కుర్చీ ముందు నిలబడి, చేతులు వాడకుండా కూర్చుని లేవడం పదిసార్లు. గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి నెట్టుకోవడం పదిసార్లు. రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని ఎత్తడం. ఇదంతా మూడు విడతలు చేస్తే పావుగంట. పప్పు మూడు కూతలు వచ్చేలోపు ఒక విడత అయిపోతుంది. మోకాళ్ల నొప్పి ఉంటే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి.

నిద్ర కూడా తిండి లెక్కలోదే. ఆరు గంటలకు తగ్గిన మర్నాడు తీపి మీదికీ నూనె సరుకు మీదికీ మనసు పోతుంది, గమనించి చూడండి. పదకొండును పదింపావు చేయగలిగితే చేయండి. గురక ఎక్కువగా ఉండి, పగలు కూర్చున్న చోటే కునుకు పడుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

డాక్టరు దగ్గరికి ఎలాగూ వెళ్లాలి. థైరాయిడ్ పరీక్ష, హీమోగ్లోబిన్, బీ12, కొలెస్ట్రాల్, బీపీ చూపించుకోండి. నెలసరి క్రమం తప్పుతుంటే పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్ల తేడా) ఉందేమో కూడా. రక్తం తక్కువున్న మనిషిని నడవమంటే నాలుగు అడుగులకే ఆయాసం వస్తుంది, అది బద్ధకం కాదు. మీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, దాదాపు 32. మన దేశంలో నిపుణులు 25 దాటితే ఊబకాయమనే అంటున్నారు, ఆడవాళ్లకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకూడదు. మీరొక్కరే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో నూటికి 36 మంది ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నారు.

ఇంజెక్షన్ గురించి. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ నిజంగా పనిచేసే మందులు. బరువు తగ్గడం కోసమే మన దగ్గర 2025 నుంచి అమ్ముతున్నారు. వాటిని తీసుకోవడం తప్పూ కాదు, దొడ్డిదారీ కాదు. మీ బీఎంఐకి, షుగర్ అంచున ఉన్న రక్తానికి ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) అవసరమనవచ్చు కూడా. కానీ ఇది తెలిసి నిర్ణయించుకోండి: సెమాగ్లుటైడ్ మీద జరిగిన పెద్ద పరీక్షలో, మందు ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. కాబట్టి మూడు నెలల కోర్సులా ఆలోచించకండి, ఏళ్ల తరబడి ఖర్చు భరించగలరా అని లెక్క వేసుకోండి. పాంక్రియాస్ వాపు వచ్చి ఉన్నా, ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా, ఇంకో బిడ్డ ఆలోచన ఉన్నా ముందే చెప్పాలి. కొలీగ్ రాసిచ్చిన డోసు మాత్రం వద్దు. నా సలహా అడిగితే, ఆర్నెల్లు ఇంటి గిన్నె మార్చి చూడండి. మందు తర్వాత అవసరమైనా ఆ పునాది మీదే అది నిలుస్తుంది.

ఆర్నెల్లకు నేను పెట్టే గురి 73. మీరు 60 అనుకుంటున్నారని తెలుసు. కానీ అమెరికాలో షుగర్ అంచున ఉన్నవాళ్ల మీద జరిగి 2002లో వెలువడిన పెద్ద పరిశోధనలో, బరువులో 7 శాతం తగ్గాలని, వారానికి 150 నిమిషాలు నడవాలని పెట్టుకున్న గురితోనే షుగర్ వచ్చేవాళ్ల సంఖ్య 58 శాతం తగ్గింది. మీకు 7 శాతమంటే ఐదున్నర కిలోలు. మన చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసి 2006లో ప్రచురించిన పరిశోధనలోనైతే, బరువు పెద్దగా తగ్గకపోయినా తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగర్ ముప్పు 28.5 శాతం తగ్గింది. కాటా కదలని వారాల్లో ఈ మాట గుర్తు తెచ్చుకోండి.

కదలని వారాలు వస్తాయి. నెలసరి ముందు నీళ్లు పట్టి కిలో, కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది. సంక్రాంతికి అరిసెలు తిన్న వారం కూడా అంతే, పెరిగినదాంట్లో ఎక్కువ భాగం ఒంట్లో పట్టిన నీళ్లే. తినండి, పండగ పూట అందరితో కూర్చుని తినండి, కనుమ మర్నాడు మామూలు కంచానికి వచ్చేయండి. వారానికి ఒక్కసారి, ఒకే రోజు, పొద్దున ఏమీ తినకముందు తూచుకుని క్యాలెండరు మీద రాయండి. 73కి వచ్చాక కనీసం మూడు నెలలు అక్కడే ఉండండి, ఇంకా దిగాలని తొందరపడకండి. అప్పుడు మీ ఒంటికి ఇప్పటికంటే రోజుకు 80, 100 క్యాలరీలు తక్కువ చాలు, అంటే 79 కిలోలప్పటి తిండికి మళ్లీ వెళ్లడం కుదరదు. ఆ సర్దుబాటు అలవాటయ్యాక తర్వాతి మూడు కిలోల సంగతి చూద్దాం. ఎప్పుడైనా రెండు కిలోలు పెరిగితే ఆ వారమే నూనె తేదీ, రాత్రి గట్టు, సాయంత్రం టీ మళ్లీ చూసుకోండి. అమెరికాలో 13 కిలోలకు పైగా తగ్గి కనీసం ఏడాది నిలబెట్టుకున్న వేలమంది వివరాలు 1994 నుంచి నమోదు చేస్తున్నారు. వాళ్లలో నాలుగింట మూడొంతుల మంది వారానికి ఒక్కసారైనా తూచుకునేవాళ్లే. 81 నుంచి 66కి రావడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇప్పటికి ఏడేళ్లు నిలిచింది. మధ్యలో రెండుసార్లు 69 దాకా వెళ్లాను, క్యాలెండరు చూసే వెనక్కి వచ్చాను.

అత్తయ్యగారి గురించి ఒక్క మాట. ‘అన్నం మానేస్తే నీరసం వస్తుందమ్మా’ అని మీ డైట్లు రెండింటికీ ఆవిడ అడ్డుపడి ఉంటారు. ఆవిడ అన్నది నిజమే కదా. ఈసారి అన్నం ఉంది, పప్పు గట్టిగా ఉంది, చేపల పులుసు ఉంది. ఆవిడ షుగర్‌కూ ఇదే సరైన భోజనం. ‘అత్తయ్యగారూ, నాకూ షుగర్ అంచున ఉందట, ఇద్దరం కలిసి తిందాం’ అని చెప్పి చూడండి. నూనె లేకుండా రుచి తెప్పించే వంటలు మనకంటే ఆవిడకే ఎక్కువ తెలుసు. ఆవిడ మాత్రలు వేసుకుంటారు కాబట్టి, తిండి మార్చే ముందు డాక్టరును అడిగి డోసు చూపించుకోండి, షుగర్ పడిపోకూడదు.

పాప విషయం చివరికి ఉంచాను, తేలిగ్గా తీసుకుని కాదు. పన్నెండేళ్ల పిల్ల ఎత్తు పెరిగే వయసు, రజస్వల అయ్యే వయసు. ఇప్పుడు తిండి మానేస్తే ఎముకకు, రక్తానికి దెబ్బ. ఆ పిల్ల ‘డైటింగ్’ అన్న మాట నేర్చుకుంది మీ దగ్గరే. అందరూ తింటుంటే అమ్మ విడిగా గ్లాసు పట్టుకుని కూర్చోవడం ఆ పిల్ల రెండుసార్లు చూసింది. దాన్ని తిట్టకండి, ఉపన్యాసం ఇవ్వకండి. ‘నేను లావైపోయాను, చీర బాగోలేదు’ లాంటి మాటలు ఈ రోజు నుంచి దాని ముందు అనకండి, ఎవరైనా దాని ఒంటి గురించి అంటే వెంటనే ఆపండి. రాత్రి దాని పక్కన కూర్చుని, దాని కంచంలో ఉన్నదే మీ కంచంలో వడ్డించుకుని తినండి. అన్నం, పప్పు, కూర, పెరుగు. అమ్మ తింటోందని అది చూడాలి. రెండు మూడు వారాలైనా భోజనం తప్పిస్తుంటే, తిన్నాక బాత్రూమ్‌లో ఎక్కువసేపు ఉంటుంటే, బరువు తగ్గుతుంటే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఆలస్యం చేయొద్దు.

ఆరు నెలల తర్వాత మళ్లీ ఉత్తరం రాయండి. కిలోల సంగతి చివర్లో రాయవచ్చు. ముందు పాప రాత్రి అన్నం తింటోందో లేదో రాయండి, ఆ తర్వాత నూనె ప్యాకెట్ మీద తేదీ.